వాకిట్లో లైటు వెలిగి ఉంటే

సెప్టెంబర్ వెళ్తుండగానే ఇక్కడ అమెరికాలో కిరాణా దుకాణాల గుమ్మం దగ్గర చిన్న చిన్న చీపుర్ల కట్టలు పెడతారు. ఊడవడానికి కాదు, ఇంట్లో వాసన కోసం. దాల్చినచెక్క నూనె పట్టించి ఉంటాయి. మొన్న పాలు తెద్దామని వెళ్తే తలుపు తెరుచుకోగానే ఆ వాసన గుప్పుమంది. పక్కనే నడుమెత్తు అట్టపెట్టెల నిండా గుమ్మడికాయలు. ఒక బుడ్డోడు రెండు చేతులూ చాచి తన కంటే లావు కాయని ఎత్తాలని చూస్తున్నాడు. వాళ్ళమ్మ ఫోన్ తీసి ఫొటో కోసం వంగింది. పాల సంగతి మర్చిపోయి కాసేపు అక్కడే ఉండిపోయాను.

ఆ వాసన తగిలితే నాకు మా అమ్మాయి చిన్ని చిన్నతనమంతా కళ్ళముందుకొస్తుంది. సంక్రాంతి, ఉగాది, వినాయక చవితి మేం మా ఇళ్ళ నుంచి మోసుకొచ్చి దానికి నేర్పిన పండగలు. అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలు వేషాలేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే హాలోవీన్ ఒక్కటే అది మాకు నేర్పింది. దాని చెయ్యి పట్టుకుని గుమ్మాలెక్కాం కాబట్టే మా వీధిలో ఎవరున్నారో మాకు తెలిసింది. లేకపోతే ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో ఉండి కూడా బయటివాళ్ళలాగే ఉండిపోయేవాళ్ళమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

* * *

అప్పట్లో న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఓక్ ట్రీ రోడ్డు మీద కరివేపాకు నుంచి పట్టుచీరల దాకా అన్నీ దొరికేవి. ఊరు వదిలొచ్చిన బెంగ ఆ మేరకు తక్కువే. కానీ మా ఎదురింటి తలుపు వెనక ఎవరున్నారో తెలియదు. మెట్ల మీద ఎదురుపడితే ఒక చిరునవ్వు, మహా అయితే ఒక "హాయ్". చలి మొదలయ్యాక అదీ ఉండదు. కారు దిగడం, తాళం తీయడం, తలుపు వేసుకోవడం.

చిన్నికి ఏడాదిన్నర అప్పుడు డేకేర్ నుంచి ఒక కాగితం వచ్చింది. ముప్పై ఒకటో తారీఖున పిల్లల్ని వేషం వేసి తీసుకురండి, మొహం మొత్తం కప్పే మాస్కులు వద్దు, ఉత్తుత్తివైనా కత్తులూ తుపాకులూ వద్దు అని. నారింజరంగు గుమ్మడికాయ డ్రెస్ కొన్నాం. అది గుండ్రంగా కనపడాలంటే లోపల పాత న్యూస్ పేపర్లు ఉండలు చుట్టి కూరాలి. కూరాక కారు సీటులో బెల్టు పట్టలేదు. డేకేర్ పార్కింగ్‌లో, చలిగాలిలో, మా ఆయన దాన్ని కారు బానెట్ మీద నిలబెట్టి పట్టుకుంటే నేను కాళ్ళ దగ్గర్నుంచి పేపరు ఉండలు ఒక్కొక్కటీ దోపాను. తలమీద ఆకుపచ్చ తొడిమ టోపీ. పిల్లది నడుస్తుంటే లోపల పేపర్లు గరగరలాడేవి. ఆ చప్పుడు విని అది ఆగి, తన పొట్టవైపు చూసుకుని, మళ్ళీ నడిచేది.

ఆ సాయంత్రం దాన్ని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టుకుని అపార్ట్‌మెంట్ల వెనక వీధిలోకి వెళ్ళాం. చలికాలానికని ఏటా ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు, అప్పట్లో అది అక్టోబర్ ఆఖరి ఆదివారమే. కాబట్టి హాలోవీన్ నాటికి అయిదింటికల్లా పొద్దు వాలిపోయేది. 2007 నుంచి ఆ మార్పుని నవంబర్ మొదటి ఆదివారానికి జరిపారు. ఇప్పుడు ఆ రోజు ఇంకో గంట వెలుతురుంటుంది కాబట్టి పిల్లలు రోడ్డు దాటేటప్పుడు డ్రైవర్లకి కనపడతారు, మంచిదే. అయినా నాకు ఆ మొదటి ఏటి చీకటే ఇష్టం. వీధి పొడుగునా మెట్ల మీద చెక్కిన గుమ్మడికాయల్లో కొవ్వొత్తులు, ఎండుటాకులు తొక్కుకుంటూ పరిగెత్తే పిల్లల చప్పుడు, ఎక్కడెక్కడి నుంచో "ట్రిక్ ఆర్ ట్రీట్" (మిఠాయి పెడతారా, అల్లరి చెయ్యమంటారా) అన్న కేకలు. కట్టెపొయ్యిల పొగ వాసన ఒకటి, దానికి తోడు గుమ్మడికాయ మూత కొవ్వొత్తి సెగకి మాడే వాసన.

ఏ ఇంటికి వెళ్ళాలో, ఏ ఇంటికి వెళ్ళకూడదో మాకేం తెలుసు? ముందు నడుస్తున్న ఒకావిడ వెనక్కి తిరిగి చెప్పింది. వాకిట్లో లైటు వెలిగి ఉంటే తలుపు కొట్టొచ్చు, ఆర్పేసి ఉంటే వాళ్ళని కదపకూడదు, అంతే. ఆ నియమం ఎక్కడా రాసి ఉండదు. అయిదేళ్ళ పిల్లలు కూడా దాన్ని తప్పరు. లైటు లేని ఇంటి ముందు గబగబా అడుగులేసి, వెలుగున్న ఇంటి మెట్ల దగ్గర బారులు తీరేవాళ్ళు. ఏడాదంతా బిగించుకుని ఉండే తలుపులు ఆ రెండు మూడు గంటలు ఎవరు కొట్టినా తెరుచుకునేవి.

* * *

చిన్ని కిండర్‌గార్టెన్‌కి వచ్చేసరికి మేం ఇంకో వీధిలో సొంత ఇంటికి మారాం. ఆ ఏడాది అత్తయ్యగారూ మామయ్యగారూ తెనాలి నుంచి వచ్చి మాతో ఉన్నారు. అక్టోబర్ మధ్యలో అందరం కలిసి ఊరవతల పొలానికి వెళ్ళాం. ట్రాక్టర్ వెనక ట్రాలీలో గడ్డిమోపుల మీద కూర్చోబెట్టి తోటలోకి తీసుకెళ్తారు. పాదుల మధ్య తిరిగి ఎవరికి నచ్చిన కాయ వాళ్ళు తెంపుకోవచ్చు. మామయ్యగారు ఒంగి మట్టి చేతిలోకి తీసుకుని చూశారు. అత్తయ్యగారేమో ఒక్కో కాయనీ వేలితో కొట్టి చప్పుడు విన్నారు. పెద్ద కాయ దగ్గర పెదవి విరిచారు. "నీళ్ళ కాయ ఇది, కూరకి పనికిరాదు" అన్నారు. నిజమే. చెక్కడానికి పెంచే ఆ పెద్ద కాయల్లో కండ పీచుపీచుగా, చప్పగా ఉంటుంది. వండుకోవడానికి వేరే చిన్న కాయలుంటాయి, షుగర్ పంప్‌కిన్ అంటారు. అవి రెండు విడిగా ఏరుకున్నారు.

ఇంటికొచ్చి వంటింట్లో నేల మీద పేపర్లు పరిచి, పెద్ద కాయని మధ్యలో పెట్టి నేను కత్తి తీశాను. అత్తయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయ మీద మొదటి కోత వెయ్యకూడదు, మగవాళ్ళు ఒక దెబ్బ వేశాకే మనం కొయ్యాలి అని. మా అమ్మమ్మ కూడా అదే అనేది. మా ఆయన్ని ఆఫీసు కాల్ మధ్యలోంచి పిలిపించారు. ఆయన హెడ్‌ఫోన్లు మెడలో వేసుకునే వచ్చి కత్తితో ఒక గాటు పెట్టి వెళ్ళారు. అప్పుడు నేను తొడిమ చుట్టూ వాలుగా, మూత లోపలికి జారిపోకుండా కోశాను.

లోపల చెయ్యి పెట్టాలని చిన్నికి ఆత్రం. పెట్టగానే చల్లగా, జిగటగా తగిలేసరికి కెవ్వుమంది. మళ్ళీ పెట్టింది. గరిటెతో గోడలు గీకుతుంటే గర్‌గర్‌మని చప్పుడు, పచ్చి దోసకాయకీ గడ్డికీ మధ్య ఏదో వాసన. పీచులోంచి గింజలు ఏరే పని నానమ్మది. కడిగి, గుడ్డ మీద ఆరబోసి, ఉప్పూ కారం పట్టించి మూకుట్లో వేయించారు. నోట్లో వేసుకుంటే చిటుక్కుమనేవి. మిగతావాళ్ళు ఒవెన్లో పెడతారట కానీ మూకుట్లో వేయించిన ఆ రుచి రాదు.

మా వీధి మూలింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ ముత్తాతలు ఐర్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు. మెట్ల మీద కాయ పెడుతుంటే అటుగా వెళ్తూ ఆగి కబుర్లలో పడింది. ఈ చెక్కుడు అసలు గుమ్మడికాయతో మొదలవలేదు, మా వాళ్ళ ఊళ్ళో టర్నిప్ దుంపలు తొలిచి లోపల నిప్పు పెట్టేవారు, కరువులో ఓడెక్కి ఇక్కడికి వచ్చాక ఇంత పెద్ద, తొలవడానికి సులువైన కాయ కనపడి దీనికి మారారు అని చెప్పింది. జాక్ అనేవాడి కథ కూడా చెప్పింది. వాడు సైతానుని మోసం చేశాడు. చచ్చాక స్వర్గంలోకి రానివ్వలేదు, నరకంలోనూ చోటివ్వలేదు. తొలిచిన దుంపలో నిప్పుకణిక పెట్టుకుని చీకట్లో తిరుగుతూనే ఉంటాడట.

నేను అత్తయ్యగారికి తెలుగులో చెప్తుంటే సగంలోనే అందుకున్నారు. "అటూ ఇటూ కాని త్రిశంకుడన్నమాట. నిప్పు పట్టుకు తిరుగుతాడంటే మన కొరివిదెయ్యమే కదమ్మా. మా నాన్న రాత్రి చేలో నీళ్ళు కట్టడానికి వెళ్తే దూరంగా కనపడేదనేవాడు." అది మళ్ళీ ఆవిడకి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ కళ్ళు మెరిశాయి. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే ఆ సాయంత్రం చాలాసేపు మెట్ల మీద కూర్చున్నారు.

వీధిలో ఇళ్ళకి వేలాడదీసిన అస్థిపంజరాలూ, కోరల మొహాలూ చూసి అత్తయ్యగారు భయపడతారేమో, అపశకునమంటారేమో అనుకున్నాను. ఆవిడకి అదేం కొత్తగా తోచలేదు. "కొత్త ఇల్లు కడుతుంటే రాక్షసుడి మొహం కట్టమూ? గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టమూ? దిష్టి ఎక్కడైనా దిష్టే" అన్నారు.

* * *

"ఏం వేషం వేస్తావే?" అని తాతయ్య అడిగితే చిన్ని "ప్రిన్సెస్" అంది. క్లాసులో సగం మంది ప్రిన్సెస్సులే. మామయ్యగారు ఏమీ అనలేదు. రాత్రి అన్నాలయ్యాక దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తన చిన్నప్పటి దసరా చెప్పారు. పులి వేషగాళ్ళు రెండు వీధుల అవతల ఉండగానే డప్పు వినపడేదట. ఒళ్ళంతా పసుపు రంగు, నల్ల చారలు, నడుముకి తోక, చేతులకి గోళ్ళు. పిల్లలు అమ్మల చీర కుచ్చిళ్ళ వెనక దాక్కుని, ఒక కంటితో చూసేవాళ్ళట. నేలమీద రూపాయి నోటు పెడితే పులి వెనక్కి వంగి నోటితో అందుకునేదట. అప్పటికి పిల్లది నిద్ర మానేసింది. "నేను పులి" అంది.

పసుపుపచ్చ స్వెట్‌షర్టూ ప్యాంటూ కొన్నాం. మామయ్యగారు బల్ల మీద పరిచి బట్టల రంగుతో చారలు గీశారు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్కో చారా అంచుల్లో సన్నంగా, మధ్యలో లావుగా దిద్దారు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైర్ అయిన మనిషి. బొమ్మలు వేస్తారని మా ఆయనకే తెలియదు. తోకకి హ్యాంగర్ తీగ వంచి, అత్తయ్యగారి పాత నేతచీర పేలికలు చుట్టి కుట్టాం. పైకి లేచి కొసన వంకర తిరిగి ఉండేది. అది నడిస్తే తోక ఊగేది.

అడుగులు నేర్పడం పెద్ద ఘట్టం. హాల్లో సోఫా వెనక్కి జరిపించారు. మోకాళ్ళు వంచి, చేతులు పంజాల్లా పెట్టి, రెండడుగులు ముందుకి, ఒకటి పక్కకి, గిర్రున తిరిగి గాండ్రింపు. మోకాళ్ళ నొప్పులని మెట్లెక్కడానికి తటపటాయించే మామయ్యగారు దాని ముందు అలా ఆడుతుంటే అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో చేత్తో నోరు మూసుకుని నిలబడిపోయారు. డప్పు లేదు కాబట్టి కుట్టుసామాను పెట్టుకునే నీలంరంగు బిస్కెట్ల డబ్బా ఖాళీ చేసి రెండు చెక్క గరిటెలు తీసుకున్నారు. డండనక, డండనక. వారం రోజులూ మా ఇంట్లో అదే మోత.

ఆ సాయంత్రం చలి బాగానే ఉంది. హాలోవీన్‌కి ప్రతి ఇంట్లోనూ ఒక గొడవ తప్పదు, వేషం మీద జాకెట్ వేసుకోవాలా వద్దా అని. మేం ఒక సైజు పెద్ద బట్టలు కొన్నాం కాబట్టి లోపల స్వెటర్ పట్టింది. మొహానికి పసుపు రంగు, మీసాలు, నుదుట మూడు చారలు. మొదటి ఇంటి తలుపు తెరుచుకోగానే మిగతా పిల్లలు సంచులు చాపారు. మామయ్యగారు డబ్బా మీద దరువు మొదలుపెట్టారు. చిన్ని వాకిట్లో పచ్చిక మీదకి దూకి ఆడింది. తిరిగింది, గాండ్రించింది, ఆఖర్న "ట్రిక్ ఆర్ ట్రీట్" అంది. ఇంటాయన లోపలికి కేకేసి భార్యనీ, మామగారినీ పిలిచాడు. మళ్ళీ ఆడమన్నారు.

రెండో ఇంటికి వెళ్ళేసరికి మా వెనక నలుగురైదుగురు పిల్లలు చేరారు. ఆ పైన ఇంకొందరు. ఒక సూపర్‌మ్యాన్, ఒక తేనెటీగ, చీపురుమంత్రగత్తెలిద్దరు, అందరూ ఆ దరువుకి పంజాలు ఊపుతూ వీధంతా నడిచారు. ఎప్పుడూ తల ఎత్తి పలకరించని ఎదురింటాయన మెట్లు దిగి వచ్చి, ఆ డబ్బా తనకి ఒకసారి ఇమ్మని అడిగి కాసేపు వాయించాడు. పేరు చెప్పాడు. మా పేర్లు అడిగాడు. ఆ చలికాలం నుంచి మంచు పడితే మా మెట్ల మీది మంచు కూడా ఆయనే తోసిపెట్టేవాడు.

మూలింటి పెద్దావిడ మామయ్యగారి చేతిలో కూడా ఒక చాక్లెట్ పెట్టింది. ఇంటికొస్తూ ఆయన అన్నారు: "మా చిన్నప్పుడు దసరాకి అయ్యవారి వెనక విల్లంబులు పట్టుకుని పద్యాలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవాళ్ళం. పప్పుబెల్లాలు పెట్టేవారు. నా తర్వాత మా ఊళ్ళో అది ఆగిపోయింది. ఇక్కడ జరుగుతోంది చూడు." ఆ రాత్రి ఆ చాక్లెట్ కాగితం విప్పి సగం అత్తయ్యగారికిచ్చి తిన్నారు.

మామయ్యగారు పోయి కొన్నేళ్ళయింది. తోక మా అల్మారాలో ఉంది.

* * *

సంచి తెచ్చి హాల్లో కార్పెట్ మీద బోర్లించడం అన్నిటికన్నా పెద్ద సంబరం. గలగలమని రాలేవి. చిన్ని వాటిని రకాల వారీగా వరసలు పేర్చేది. రీసెస్ ఒక వరస, కిట్‌క్యాట్ ఒక వరస, స్నికర్స్, మిల్కీ వే, హర్షీస్ కిస్సెస్, ఎవరూ ఇష్టంగా తినని టూట్సీ రోల్స్ చివర్న. పక్కింటి పిల్ల వచ్చి ఎదురుగా తన రాశి పోసుకునేది. బేరాలు మొదలయ్యేవి. ఒక రీసెస్‌కి రెండు కిట్‌క్యాట్లు. ఏడాదికేడాది ధర మారేది.

ముందు మా తనిఖీ. మేం శాకాహారులం. స్టార్‌బర్స్ట్‌లో జెలటిన్, క్యాండీ కార్న్‌లో జెలటిన్, గమ్మీలు సరేసరి. పశువుల ఎముకల నుంచీ తోలు నుంచీ తీసే పదార్థమది. అంతంత చిన్న కాగితాల మీద అక్షరాలు కనపడక మా ఆయన ఫోన్ లైటు వేసి చదివేవారు. చిన్నికి చదవడం వచ్చాక ఆ పని తనే తీసుకుంది. నేల మీద బోర్లా పడుకుని, కాగితం కళ్ళకి ఆనించుకుని, వేలు పెట్టి చదివేది. కనపడితే పేచీ లేకుండా పక్కింటి పిల్ల రాశిలోకి తోసేసేది. ఎవరూ బలవంతపెట్టకుండా ఒక ఏడేళ్ళ పిల్ల తనకిష్టమైన రంగు మిఠాయిని అలా వదిలేయడం చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డం పడేది.

కాగితం చిరిగినవీ, విప్పి ఉన్నవీ పారేయమని బడివాళ్ళు చీటీ పంపేవారు. ఈ జాగ్రత్త ఎప్పట్నుంచని మూలింటావిడని అడిగాను. తన చిన్నప్పుడు ఇంట్లో చేసిన పాప్‌కార్న్ ఉండలు, యాపిల్ పళ్ళు, వేడివేడి బిస్కెట్లు పెట్టేవారట. 1982లో షికాగో దగ్గర టైలినాల్ అనే నొప్పి మందు గొట్టం మాత్రల్లో ఎవరో సైనైడ్ కలిపి ఏడుగురు చనిపోయారు. అది జరిగిన నెలకే హాలోవీన్. దేశమంతా తల్లిదండ్రులు హడలిపోయారు. అంతకుముందు నుంచే ఉన్న అనుమానాలు ఆ దెబ్బతో గట్టిపడి, కంపెనీ కాగితం చుట్టని వస్తువు పిల్లల సంచిలో పడటం మానేసిందని చెప్పింది.

అత్తయ్యగారు పిల్లల కోసమని సున్నుండలు చుట్టి పెట్టారు. ఇవ్వకూడదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు, కానీ చెప్పాల్సి వచ్చింది. కాసేపు ఆలోచించి, ఆవిడ ఆ డబ్బా పట్టుకుని మూలింటికి వెళ్ళారు. పెద్దావిడ గుమ్మంలోనే ఒకటి నోట్లో వేసుకుంది. నెయ్యి వేలికంటితే నాకింది. ఆ తర్వాత ఏటా మా ఇంట్లో సున్నుండలు చేస్తే ఆవిడకో డబ్బా వెళ్ళేది.

* * *

హాలోవీన్ ముందురాత్రి సంగతి కూడా చెప్పాలి. న్యూజెర్సీలో దాన్ని మిస్‌చీఫ్ నైట్ అంటారు. పెద్ద పిల్లలు చెట్ల మీదకి టాయిలెట్ పేపరు చుట్టలు విసిరేవారు, కిటికీలకి సబ్బు పూసేవారు, కొన్నిసార్లు గుడ్లు కొట్టేవారు. పొద్దున్నే లేచి చూస్తే వీధి చివర చెట్టు నిండా తెల్లటి పేలికలు గాలికి ఊగుతూ ఉండేవి. చిన్నికి అది మంచు కురిసినంత ఆనందం. ఇప్పుడు ఆ అల్లరి చాలావరకు తగ్గింది.

అసలు మంచు కూడా ఒకసారి వచ్చింది. 2011లో హాలోవీన్‌కి రెండు రోజుల ముందు. చెట్లకింకా ఆకులున్నాయి. తడి మంచు బరువుకి కొమ్మలు తుపాకీ పేలినట్టు ఫెళఫెళా విరిగి తీగల మీద పడ్డాయి. కరెంటు పోయింది. మరుసటేడు అంతకన్నా పెద్దది వచ్చింది. అక్టోబర్ 29 రాత్రి శాండీ తుపాను న్యూజెర్సీ తీరాన్ని తాకింది. రాత్రంతా ఇల్లు మూలుగుతున్నట్టు గాలి. పొద్దున్నకి వీధికి అడ్డంగా ఓక్ చెట్టు.

గవర్నర్ క్రిస్ క్రిస్టీ ఉత్తర్వు ఇచ్చి ఆ ఏటి హాలోవీన్‌ని నవంబర్ 5కి మార్చారు. రేడియోలో విని చెప్పాను. చిన్ని నమ్మలేదు. "పండగని కూడా మారుస్తారా?" ఫోన్లో నానమ్మని అడిగింది. "తిథి తగులూ మిగులూ వస్తే మనకీ మర్నాటికి మారుతుంది కదే" అని ఆవిడ సర్దిచెప్పారు. ఆ మాటతో దాని మనసు కుదుటపడింది.

పెట్రోలు సరి సంఖ్య నంబరు ప్లేట్లకి ఒక రోజు, బేసి సంఖ్య వాటికి ఒక రోజు పోశారు. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పాడవకముందే వండుకుని ఇరుగుపొరుగు పంచుకున్నాం. ఎదురింటాయన దగ్గర జనరేటర్ ఉంది. ఆయన గరాజ్‌లో పొడుగు వైరు పెట్టి వీధివాళ్ళందరి ఫోన్లూ చార్జింగ్‌కి పెట్టుకోనిచ్చాడు. మా ఇంట్లో గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగేది, పెద్దావిడ ఇంట్లో కరెంటు పొయ్యి. మూడు పూటలా ఆవిడకి మా ఇంటి నుంచే వేడి పులుసూ అన్నం వెళ్ళాయి. అంతకు రెండేళ్ళ ముందు ఒక పులి ఆ గుమ్మాల ముందు ఆడకపోతే, ఆ చీకట్లో ఎవరి తలుపు కొట్టాలో మాకు తెలిసేది కాదు.

ఆ ఏటి పండగకి వాకిట్లో లైట్లు లేవు. మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. గుమ్మడికాయలో కొవ్వొత్తి ఉంటే వెళ్ళొచ్చని అందరూ అనుకున్నారు. పెద్దావిడ కిటికీలో ఒక లాంతరు పెట్టింది.

* * *

పన్నెండేళ్ళు నిండాక చిన్ని మాతో రావడం మానేసింది. స్నేహితులతో వెళ్ళేది, వేషం కూడా నామకా ఒక టోపీ. ఈలోపు చుట్టుపక్కల చాలాచోట్ల పిల్లలు వేషాలతో నడిచే బడి పరేడ్లు ఆగిపోయాయి. షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో కార్లు వరసగా నిలబెట్టి డిక్కీలు తెరిచి చాక్లెట్లు పంచడం మొదలైంది. వాన లేదు, చీకటి లేదు, అరగంటలో అయిపోతుంది. చిన్నపిల్లల తల్లులకి అది సుఖంగా ఉంటుందని తెలుసు. కానీ అక్కడ తలుపులుండవు, తలుపు వెనక మనుషులుండరు. ఇంకొందరు మెట్ల మీద గిన్నె పెట్టి, ఒకటి తీసుకోండని చీటీ రాసి లోపల కూర్చుంటారు. బెల్లులో కెమెరా ఉంటుంది. నాకది నచ్చదు. చలిలో అంతదూరం నడిచొచ్చిన పసిదానికి ఒక మనిషి మొహం కనపడాలి.

2020లో అదీ లేకుండా పోతుందనుకున్నాం. కరోనా. ఆ రోజు శనివారం, పైగా పౌర్ణమి. చిన్ని అప్పటికి హైస్కూల్లో ఉంది. పొద్దున్న లేచి వాళ్ళ నాన్నని తీసుకుని హార్డ్‌వేర్ షాపుకెళ్ళి పొడుగాటి పీవీసీ గొట్టం తెచ్చింది. మెట్ల కమ్మీకి వాలుగా కట్టి, నారింజ, నలుపు టేపు చుట్టింది. పైన నిలబడి చాక్లెట్ వేస్తే గడగడమని జారి కింద పిల్లల సంచిలో పడుతుంది. రెండు గజాల దూరం, మాస్కు, చేతికి గ్లోవ్స్. సాయంత్రం పులి తోక కట్టుకుని మెట్ల మీద నిలబడింది. ఒక్కో పసివాడినీ పేరడిగి, వేషం చూసి మెచ్చుకుని, గొట్టంలోకి రెండు రెండు వేసింది. గొట్టం కింద చెవి ఆనించి ఆ చప్పుడు వినడానికి కొందరు మళ్ళీ మళ్ళీ వచ్చారు. అది ఎవరినీ పొమ్మనలేదు.

ఆ చలికాలంలోనే మూలింటి పెద్దావిడ పోయింది. ఎవరినీ దగ్గరికి రానివ్వని రోజులు. కార్లలో కూర్చుని దూరం నుంచే సాగనంపాం. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక యువజంట ఉంటున్నారు. వాకిట్లో లైటు వేస్తున్నారు.

* * *

చిన్ని ఇప్పుడు వేరే రాష్ట్రంలో చదువుకుంటూ స్నేహితురాళ్ళతో ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటోంది. నిన్న రాత్రి ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయట, ఇప్పట్నుంచే చాక్లెట్లు కొని పెట్టారట. మాటల్లో మాటగా "నానమ్మ చేసే గుమ్మడికాయ దప్పళం చెప్పమ్మా" అంది. చెక్కే కాయ కాదు, చిన్నది అడిగి తీసుకో, తొక్క తీయకు, ముక్కలు పెద్దగా ఉండాలి, చింతపండు పులుసు మరిగాక బెల్లం వెయ్యి, పోపులో ఇంగువ అని చెప్తున్నాను. రాసుకుంటూ ఆగింది.

"మరి మొదటి కోత? ఇక్కడ అందరం అమ్మాయిలమే కదా."

నన్నడక్కు, నానమ్మనే అడుగు అని తెనాలికి ఫోన్ కలిపాను. అక్కడ అప్పుడే తెల్లారింది. అత్తయ్యగారు కాఫీ తాగుతున్నారు. సంగతి విని కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"కత్తి పదునుగా ఉందో లేదో చూసుకుని నువ్వే వెయ్యవే తల్లీ. వేళ్ళు జాగ్రత్త" అన్నారు. మునక్కాయలు దొరక్కపోతే మానెయ్యమన్నారు, బెల్లం మాత్రం మానొద్దన్నారు.